అంకెకు రుచి లేదు

దుబాయి నుంచో డాలస్ నుంచో సెలవులకు వచ్చినవాడు సూట్‌కేసులోంచి సింగిల్ మాల్ట్ సీసా తీసి బల్ల మీద పెడితే, బళ్లారి జిల్లా దేశనూరు, సిరుగుప్ప, తెక్కలకోట వైపు మన తెలుగిళ్లలో మొదట వినిపించే ప్రశ్న "ఎన్నేళ్లది?" పన్నెండంటే ఫర్వాలేదంటారు. పద్దెనిమిదంటే గౌరవం పెరుగుతుంది. పాతికంటే ఇక ఆ సీసా మూత తీయరు, అద్దాల బీరువాలో పెడతారు. రెండో ప్రశ్న "ఎంత పడింది?" ఈ రెండింటికీ జవాబు దొరికాక ఎలా ఉందని అడిగేవాడు ఉండడు. తాగకముందే తీర్పు అయిపోయింది.

ఆ తీర్పుతోనే నా తగాదా. ఎంత పాతదైతే అంత మేలు, ఎంత ఖరీదైతే అంత గొప్ప అన్న నమ్మకం బళ్లారి సరిహద్దుకే పరిమితం కాదు, ప్రపంచమంతా ఉంది. తాగేవాళ్ల సంఖ్య పెంచాలని నేనీ వ్యాసం రాయడం లేదు. అలవాటు లేనివాళ్లు అలాగే ఉండటమే మేలు. కానీ ఒక సీసాకు నెల జీతమో, ఒక కారు వడ్ల మీద మిగిలిన సొమ్మో పెట్టేవాళ్లు దేనికి పెడుతున్నారో తెలుసుకుని పెట్టాలి. తెలిసినవాళ్లమని చెప్పుకునేవాళ్లు ఈ ఒక్క విషయంలో తెలియనివాళ్లకు పదేపదే తప్పు చెబుతున్నారు, అదే నాకు కష్టంగా ఉంది.

ఈ నమ్మకం ఎంత బలమైందో, ఎంత బోలుదో ఒకే సర్వేలో బయటపడింది. 2010లో షివాస్ బ్రదర్స్ కంపెనీ సీసా మీది వయసుకున్న విలువను చాటడానికి పెద్ద ప్రచారం మొదలుపెట్టి, దానికోసం తాగేవాళ్ల అభిప్రాయాలు సేకరించింది. పాత విస్కీ అంటే మేలైన విస్కీ అని 93 శాతం మంది చెప్పారు. అదే సర్వేలో, సీసా మీది అంకె అసలు దేన్ని చెబుతుందో సరిగ్గా తెలిసినవాళ్లు 10 శాతమే. సగానికి దగ్గరగా ఉన్నవాళ్లు అది సగటు వయసనుకున్నారు, మూడో వంతుకు పైగా అన్నింటికంటే పాతదాని వయసనుకున్నారు. అర్థం తెలియని అంకె మీద అంత మందికి అంత గురి! అంతకన్నా విచిత్రం, వయసే ముఖ్యమని ప్రచారం చేసిన ఆ కంపెనీయే 2015లో గ్లెన్‌లివెట్ పేరు మీద ఏ అంకే లేని ఫౌండర్స్ రిజర్వ్‌ను మార్కెట్లోకి తెచ్చింది. పాత నిల్వలు చాలనప్పుడు అంకె అవసరం లేదన్నది వాళ్లకూ తెలిసొచ్చింది.

ఇంతకీ ఆ అంకె చెప్పేదేమిటి? 2009 నాటి స్కాచ్ విస్కీ నిబంధనల ప్రకారం, స్కాట్లాండ్‌లో తయారై, 700 లీటర్లకు మించని ఓక్ పీపాల్లో అక్కడే కనీసం మూడేళ్లు ఉన్నదే స్కాచ్. మొలకెత్తించిన బార్లీ ఒక్కదానితో, ఒకే డిస్టిలరీలో, పాట్ స్టిల్స్ అనే కుండ బట్టీల్లో కాచినదైతే అది సింగిల్ మాల్ట్. సీసా మీద 18 అని వేస్తే, అందులో కలిపిన పీపాలన్నింటిలోకీ చిన్నదాని వయసు 18 ఏళ్లని. ముప్పై ఏళ్ల సరుకులో ఒక్క చెంచా పదేళ్లది కలిపినా 10 అనే వేయాలి. వయసు పీపాలో ఉన్నంతకాలమే పెరుగుతుంది. గాజులో పడిన క్షణాన ఆగిపోతుంది. పెద్దకొడుకు పుట్టినప్పుడు కొన్న పన్నెండేళ్ల సీసా వాడి పెళ్లినాటికి ముప్పయ్యైదేళ్లది అయిందని మురిసేవాళ్లు మన వైపు ఉన్నారు. అది పన్నెండేళ్లదే. మూత బిరడా ఎండితే ఇంకాస్త తగ్గి ఉంటుంది కూడా.

మూడేళ్ల నిబంధనయినా రుచి తెలిసిన పెద్దలు కూర్చుని తేల్చింది కాదు. మొదటి ప్రపంచయుద్ధంలో ఆయుధ కర్మాగారాల కూలీలు తాగుడుతో పనికి రావడం లేదని బ్రిటన్ మంత్రి లాయిడ్ జార్జ్ మద్యం మీద కత్తి కట్టాడు. నిషేధం తప్పించుకోవడానికి జరిగిన బేరసారాల్లో 1915లో పచ్చి స్పిరిట్‌ను అమ్మకుండా కట్టడి చేసే చట్టం వచ్చింది. మొదట రెండేళ్లు, ఆ మరుసటి ఏడు మూడేళ్లు. సరుకుకు మేలు జరిగిన మాట నిజమే, ఆ మేలును నేను కాదనను. కానీ వయసు మీద మొదటి గీత గీసింది నాలుక కాదు, రాజకీయం.

ఇక పీపాలో జరిగేదేమిటో చూడాలి. అసలు సంగతంతా అక్కడే ఉంది. బట్టీలోంచి దిగినప్పుడు విస్కీ నీళ్లలా తెల్లగా ఉంటుంది. రంగు, వాసన, తీపి, వగరులో పెద్ద వాటా ఓక్ చెక్కది. చెక్కలోని లిగ్నిన్ విరిగి వెనిల్లా వాసననిస్తుంది. లాక్టోన్లనే పదార్థాలు కొబ్బరి వాసననిస్తాయి. చెక్కను కాల్చినప్పుడు అందులోని చక్కెరలు మాడి పాకం రుచినిస్తాయి. ఆ కాలిన బొగ్గు పొర, కొత్త స్పిరిట్‌లోని గంధకపు కంపును పీల్చేస్తుంది. చెక్క సందుల్లోంచి గాలి మెల్లగా లోపలికి పోతూ ఉంటే పండ్ల వాసనలు పుడతాయి. టానిన్లు వగరు తెస్తాయి. వీటిలో ప్రతిదానికీ ఒక వేగం ఉంది. అది పీపా ఎంత పెద్దది, లోపల అంతకుముందు ఏముంది, అది ఎన్నోసారి నింపినది, గోదాము ఎంత వెచ్చగా ఉంది అన్నవాటిని బట్టి మారుతుంది. అమెరికా చట్టం బర్బన్‌ను కొత్తగా కాల్చిన ఓక్ పీపాల్లోనే నిల్వ చేయమంటుంది కనుక, ఒకసారి వాడిన 200 లీటర్ల పీపాలు వేలకు వేలు స్కాట్లాండ్‌కు చేరుతాయి. షెర్రీ నిలవబెట్టిన 500 లీటర్ల పీపాలు ఇంకో దారిన వస్తాయి. ఒకే రోజు కాచిన స్పిరిట్‌లో కొంత మొదటిసారి నింపే షెర్రీ పీపాలో, కొంత నాలుగోసారి నింపే అలసిన బర్బన్ పీపాలో పోసి, 18 ఏళ్ల తర్వాత తెరిచి చూడండి. మొదటిది చెక్క మింగేసిన వగరు నీళ్లయి ఉండొచ్చు, రెండోది ఇంకా పచ్చి బార్లీ వాసన వేస్తూ ఉండొచ్చు. రెండింటి మీదా వేసే అంకె మాత్రం 18.

ఆ అంకెతో రుచిని కొలుస్తామనేవాళ్లు ఈ ఒక్క ప్రశ్నకు జవాబివ్వాలి: పీపాను దాచిపెట్టి ఏళ్లను మాత్రమే చూపించే కొలబద్ద ఏం కొలుస్తున్నట్టు?

వాళ్ల వాదాన్ని నిలువునా పడగొట్టే సాక్ష్యం మన కర్ణాటకలోనే, బెంగళూరులో ఉంది. 1948లో రాధాకృష్ణ జగ్దాలే స్థాపించిన అమృత్ డిస్టిలరీ 2004 ఆగస్టు 24న తన సింగిల్ మాల్ట్‌ను విడుదల చేసింది. బెంగళూరులోనూ కాదు, ముంబైలోనూ కాదు, స్కాట్లాండ్ నడిబొడ్డున గ్లాస్గోలో. ఆయన కొడుకు నీలకంఠరావు జగ్దాలే అంత ధైర్యం చేశాడు. మన దేశపు సరుకును మన దేశంలోనే ముందు ఎవరూ ముట్టరని ఆయనకు తెలిసి ఉంటుందని నా ఊహ. ఆరేళ్లు తిరక్కముందే, విస్కీ బైబిల్ అనే పుస్తకం 2010 సంచికలో విమర్శకుడు జిమ్ ముర్రే అమృత్ ఫ్యూజన్‌కు వందకు 97 మార్కులు వేసి, ప్రపంచంలో మూడో మేలైన విస్కీగా నిలబెట్టాడు. ఉత్తరాది బార్లీకి స్కాట్లాండ్ పీట్ పొగ పట్టించిన బార్లీని జోడించిన ఆ సరుకు వయసు అయిదారేళ్లకు మించదు. మన బీరువాల తీర్పు ప్రకారం అది బల్ల మీదికే రాకూడదు.

ఎలా సాధ్యమైంది? వేడి వల్ల. స్కాట్లాండ్ గోదాముల్లో పీపాలోంచి ఏటా ఇంచుమించు 2 శాతం ఆవిరైపోతుంది. దాన్ని అక్కడివాళ్లు దేవదూతల వాటా అంటారు. బెంగళూరులో ఆ వాటా 11, 12 శాతం. లెక్క వేయండి. 200 లీటర్ల పీపా స్కాట్లాండ్‌లో 18 ఏళ్లు ఉంటే ఇంచుమించు 139 లీటర్లు మిగులుతాయి. బెంగళూరులో అదే పీపాను ఏటా 11 శాతం చొప్పున 12 ఏళ్లు ఉంచితే మిగిలేది 49 లీటర్లు, 18 ఏళ్లు ఉంచితే పాతిక లీటర్లు. ఆవిరి వేగంగా పోయే వేడిలో చెక్కతో పని కూడా వేగంగానే జరుగుతుంది. వేసవిలో నలభై దాటే బళ్లారి ఎండలో గోదాము కడితే ఇంకెంత వేగమో ఊహించుకోవచ్చు. అందుకే అమృత్‌వాళ్లు తమ దగ్గర మిగిలిన అరుదైన పాత పీపాలకు అత్యాశ దేవదూతలని పేరు పెట్టి 8, 10, 12 ఏళ్ల సరుకుగా వదిలారు. స్కాట్లాండ్‌లో పన్నెండంటే పిల్లవాడు, బెంగళూరులో పన్నెండంటే ముత్తాత. ఏ గడ్డ మీద గడిచిన ఏళ్లో చెప్పకుండా ఏళ్లను మాత్రం పోల్చడం న్యాయం కాదు.

ఇది భారతదేశపు విడ్డూరం కూడా కాదు. తైవాన్‌లోని యిలాన్‌లో 2006లో మొదటిసారి బట్టీ వెలిగించిన కవలాన్, 2015 వరల్డ్ విస్కీస్ అవార్డుల్లో ప్రపంచపు ఉత్తమ సింగిల్ మాల్ట్ బహుమతి తీసుకుంది. డిస్టిలరీకే అప్పటికి పదేళ్లు నిండలేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, దాన్ని తేలిగ్గా తోసేయకూడదు. వేడిలో త్వరగా పండింది చలిలో మెల్లగా పండినదానికి సాటి రాదు, చెక్క రసం దిగుతుందే గానీ గాలితో, కాలంతో వచ్చే లోతు రాదు అంటారు. ఇందులో నిజముంది. మంచి పీపాలో, చల్లని గోదాములో పాతికేళ్లు నెమ్మదిగా మారిన స్కాచ్‌లో మైనం లాంటి నునుపు, ఎండుపండ్ల లోతు ఉంటాయి, వాటిని అయిదేళ్ల భారతీయ మాల్ట్ ఇవ్వలేదు. నేనూ ఒప్పుకుంటాను. కానీ ఈ అభ్యంతరం ఏం చెబుతోందో చూడండి: మంచి పీపా, చల్లని గోదాము, తగిన కాలం. మూడూ కలిస్తేనే. అంకెను కొలిచేవాళ్లు ఆ మూడింట్లో రెండింటిని వదిలేసి మూడోదాన్ని పట్టుకున్నారు. పాతికేళ్లు చెడ్డ పీపాలో ఉన్నది పాతికేళ్ల చెడ్డ విస్కీయే.

అమృత్ పేరెత్తగానే "మన సరుకే కదా" అని పెదవి విరిచేవాళ్లకు ఇంకో మాట చెప్పాలి. దేశనూరు పక్కనే చక్కెర ఫ్యాక్టరీ ఉంది. చెరకు ఆడి చక్కెర తీశాక మిగిలే మొలాసిస్ నుంచి తీసిన స్పిరిట్టే మన దేశపు చవక విస్కీల్లో ఎక్కువ భాగానికి ఆధారం. దానికి విస్కీ అన్న పేరు పెట్టి అమ్మడానికి యూరప్ చట్టం ఒప్పుకోదు. అది వేరే కథ, వేరే సరుకు. బార్లీ మొలకెత్తించి, పాట్ స్టిల్‌లో కాచి, ఓక్ పీపాలో ఉంచినదాన్ని దాంతో ఒకే గాటన కట్టడం తెలియనితనం. చెరకు వాసన తెలిసిన ఊళ్లలో ఈ తేడా అందరికంటే ముందు తెలియాలి.

ధర దగ్గరికి వద్దాం. పాత విస్కీ ఖరీదు ఎక్కువగా ఉండటానికి కారణాలున్నాయి. పీపాలో మూడో వంతు ఆవిరైపోయింది, పెట్టుబడి ఇరవై ఏళ్లు కదలకుండా ఉంది, గోదాము అద్దె పెరిగింది. ఇవన్నీ ఖర్చు లెక్కలు. రుచి లెక్కలు కావు. ధర ఆకాశాన్నంటే చోట ఖర్చు కూడా కారణం కాదు, కొరత కారణం. 1980ల మొదట్లో స్కాట్లాండ్‌లో నిల్వలు గుట్టలు పడి 1983లో చాలా డిస్టిలరీలు మూసేశారు. వాటిలో పోర్ట్ ఎలెన్, బ్రోరా ఉన్నాయి. నడిచినన్నాళ్లూ వాటి సరుకులో ఎక్కువ భాగం బ్లెండెడ్ విస్కీల్లో కలిసిపోయేది. తలుపులు మూసుకున్నాకే అవి అపురూపమయ్యాయి. పీపాల్లో ఉన్నది మారలేదు, ఇక రాదన్నది మాత్రం తేలింది. 2021లో బ్రోరా, 2024లో పోర్ట్ ఎలెన్ మళ్లీ తెరిచారు.

2023 నవంబర్‌లో లండన్‌లోని సోథబీస్ వేలంలో 1926 నాటి మకాలన్ సింగిల్ మాల్ట్ సీసా ఒకటి దాదాపు 22 లక్షల పౌండ్లకు పోయింది. అరవై ఏళ్లు పీపాలో ఉండి, 1986లో నలభై సీసాలకు సరిపడా మిగిలిన సరుకది. కొన్నవాడు కొన్నది నలభైలో ఒకటి అన్న హోదాను. దానికి ఎవరూ అభ్యంతరం చెప్పక్కర్లేదు, తపాలా బిళ్లలు కొనేవాళ్లూ ఉన్నారు. కానీ ఆ ధరను చూపించి పాతదెంత రుచో చూడండి అనకూడదు. వేలంలో చెయ్యెత్తినవాళ్లెవరూ ఆ సీసా మూత తీసి రుచి చూడలేదు.

రుచి చూసినప్పుడు ఏమవుతుందో 2017లో స్విట్జర్లాండ్‌లో తెలిసింది. సెయింట్ మోరిట్జ్‌లోని ఒక హోటల్లో చైనా నుంచి వచ్చిన అతిథి 1878 నాటి మకాలన్ అని రాసున్న సీసాలోంచి 20 మిల్లీలీటర్ల గుక్కకు 9,999 స్విస్ ఫ్రాంకులు చెల్లించాడు. అనుమానం వచ్చి పరీక్షకు పంపితే, ఆక్స్‌ఫర్డ్‌లో కార్బన్ పరీక్ష అది 1970-72 ప్రాంతం సరుకని తేల్చింది. మరో పరీక్షలో అది సింగిల్ మాల్ట్ కూడా కాదని, 60 శాతం మాల్ట్, 40 శాతం గ్రెయిన్ కలిపిన బ్లెండ్ అని బయటపడింది. హోటల్ డబ్బు తిరిగి ఇచ్చింది. మరుసటి ఏడు స్కాట్లాండ్‌లో 55 అరుదైన పాత సీసాలను అదే రకం పరీక్షకు పెడితే 21 నకిలీవని తేలింది. 1950ల అణుపరీక్షల తర్వాత గాలిలో పెరిగిన కార్బన్-14 బార్లీలోకి చేరింది కనుక, అబద్ధపు వయసును ప్రయోగశాల పట్టేస్తుంది. అంకెను చూసి మెచ్చుకునే కంటికి మాత్రం అసలుకూ నకిలీకీ తేడా లేదు. సంపన్నులకే, నిపుణులమనుకునేవాళ్లకే ఈ గతి పడితే మన సంగతేమిటి?

నాలుక అబద్ధం చెప్పదంటారు. చెబుతుంది, ధర ముందే తెలిస్తే. 2008లో కాలిఫోర్నియా శాస్త్రజ్ఞులు ఒకే వైన్‌ను ఒకసారి 90 డాలర్లదని, ఇంకోసారి 10 డాలర్లదని చెప్పి తాగించి మెదడును స్కాన్ చేశారు. ఎక్కువ ధర చెప్పినప్పుడు తాగినవాళ్లు బాగుందనడమే కాదు, మెదడులో సుఖాన్ని నమోదు చేసే భాగం కూడా ఎక్కువ చురుగ్గా పనిచేసింది. వాళ్లు నటించలేదు, నిజంగానే ఎక్కువ బాగున్నట్టనిపించింది. అందుకే సీసా చూపించి రుచి అడగడం పరీక్ష కాదు.

పరీక్ష ఇలా ఉండాలి. పోసేవాడొకడు, తాగేవాళ్లు వేరు. సీసాలకు కాగితం చుట్టాలి. ఐస్ వద్దు, సోడా అసలే వద్దు, చలి వాసనను చంపేస్తుంది. మూతి సన్నంగా ఉన్న గ్లాసులో ముప్పై మిల్లీలీటర్లు చాలు. రంగు చూసి ఏమీ తేల్చకండి, స్కాచ్‌లో కారమెల్ రంగు కలపడానికి చట్టమే ఒప్పుకుంది. నోరు కొంచెం తెరిచి మెల్లగా వాసన చూడండి. పచ్చి పిండి వాసన, ముక్కు పుటాల్లో మంట ఉంటే లేతదనం తీరలేదన్నమాట. కొత్త రంపపు పొట్టు వాసనా, నాలుకను కరక్కాయలా పట్టేసే వగరూ ఉంటే చెక్క మితిమీరింది, దాని వయసు ఎంతైనా కానీ. ఆ రెంటికీ నడుమ బెల్లం పాకం, ఎండు ఖర్జూరం, మాగిన పనసతొన, కట్టెల పొగ ఒకదాని వెనక ఒకటి వస్తుంటే అక్కడ ఆగండి. స్కాట్లాండ్ కొండల మీది పూల పేర్లు మనకు అక్కర్లేదు. చూడని పూల వాసనను పుస్తకంలో చదివి వల్లించడం రుచి చూడటం కాదు. చెరకు గానుగ దగ్గర నిలబడిన ముక్కుకు ఎంచడానికి కావలసినంత సరుకుంది.

తర్వాత నాలుగు చుక్కల నీళ్లు కలిపి మళ్లీ చూడండి. నీళ్లు కలిపితే చెడిపోతుందని పట్టుబట్టేవాళ్లకు 2017లో స్వీడన్ పరిశోధకులు జవాబిచ్చారు. పొగ వాసననిచ్చే గ్వయకాల్ అణువులు, ఆల్కహాల్ శాతం ఎక్కువగా ఉన్నప్పుడు లోపలే ఉండిపోతాయి, నీళ్లు కలిపి పలుచన చేస్తే పైకి చేరతాయని కంప్యూటర్ లెక్కలతో చూపించారు. 58, 60 శాతంతో పీపాలోంచి నేరుగా సీసాకెక్కిన సరుకులో ఈ తేడా బాగా తెలుస్తుంది. మింగాక ఎంతసేపు నిలుస్తుంది, నిలిచినదేమిటి, తీపా, వగరా, ఉత్త మంటా? కాగితాలు విప్పేది ఇవన్నీ చూశాకే.

సిరుగుప్ప మిల్లుల దగ్గర బియ్యం కొనేవాళ్లను చూస్తే వాళ్లకు ఇదంతా చెప్పక్కర్లేదనిపిస్తుంది. పాత సోనామసూరికి కొత్తదానికంటే ధర ఎక్కువ, అన్నం పొడిపొడిగా వస్తుంది కనుక. అయినా బస్తా మీది మాట నమ్మి ఎవరూ కొనరు. గుప్పెడు తీసి వాసన చూస్తారు, గింజ కొరుకుతారు, ఇంటికి తీసుకెళ్లి ఒక పూట వండి చూస్తారు. ఏడాది పాతదానికి ఎక్కువిస్తారు, ముక్కిపోయినదాన్ని ఎంత పాతదైనా వెనక్కి పంపుతారు. తుంగభద్ర కాలువ కింద క్యాంపుల్లో స్థిరపడిన కుటుంబాల్లో ఈ విద్య రాని ఇల్లు లేదు. అంత నేర్పున్న చేతులు సీసా దగ్గరికి వచ్చేసరికి కొలబద్దను ఎందుకు వదిలేస్తాయో నాకు అర్థం కాదు. విదేశీ సరుకన్న బెరుకు తప్ప వేరే కారణం కనబడదు.

ఆ బెరుకుకు ఒక పరీక్ష ఉంది. దిగుమతి స్పిరిట్ మీద మన దేశం 150 శాతం సుంకం వేస్తూ వచ్చింది, దాని మీద రాష్ట్రపు ఎక్సైజ్ వేరు. 2025 జూలై 24న బ్రిటన్‌తో సంతకమైన వాణిజ్య ఒప్పందంలో ఆ సుంకాన్ని 75 శాతానికి, పదేళ్లలో 40 శాతానికి దించాలని రాసుకున్నారు. సుంకం దిగితే అదే పద్దెనిమిదేళ్ల సీసా, అదే పీపాల సరుకు, మునుపటికంటే తక్కువ ధరకు దుకాణంలోకి వస్తుంది. లోపల ఒక్క చుక్క మారదు. ధరను బట్టి గొప్పదన్నవాళ్లు ఆ రోజు దాన్ని తక్కువదంటారా? తక్కువది కాదంటే, ఇన్నాళ్లూ వాళ్లు మెచ్చుకున్నదాంట్లో ఎక్కువ భాగం విస్కీ కాదు, కస్టమ్స్ సుంకం.